పక్కగాలిలో స్టీరింగ్: నిష్పత్తి మీద నడుస్తున్న వాదన

హైవే మీద నూరు కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఒక పెద్ద కంటైనర్ లారీని దాటుతోంది. లారీ పక్కన ఉన్నంతసేపూ గాలికి అదే చాటు. చాటు దాటి బయటపడగానే పక్కగాలి ఒక్కసారిగా తగులుతుంది. కారు ఒక పక్కకు జరుగుతుంది, డ్రైవరు రెండో పక్కకు స్టీరింగ్ తిప్పుతాడు, మళ్లీ కొంచెం వెనక్కి తెస్తాడు. అంతా రెండు క్షణాల్లో అయిపోతుంది. ఆ రెండు క్షణాల్లో స్టీరింగ్ చేతికి ఎలా తెలియాలన్న దాని మీద మాత్రం ఇంజనీర్లు, టెస్ట్ డ్రైవర్లు, మోటారు పత్రికల సమీక్షకులు ఇప్పటికీ ఒక మాట మీదకు రాలేదు. వేరియబుల్ రేషియో స్టీరింగ్ వచ్చాక ఈ వాదన మరింత చిక్కుపడింది. గాలిలో కారు నిలకడగా ఉంటే ఆ ఘనత నిష్పత్తికి దక్కుతోంది, తడబడితే నింద కూడా దానికే పడుతోంది. ఇందులో నిష్పత్తికి చెందినది ఎంత, చెందనిది ఎంత అన్నదే ఈ వ్యాసం విషయం.

ముందుగా లెక్క తెలియాలి. స్టీరింగ్ 16 డిగ్రీలు తిప్పితే ముందు చక్రం ఒక డిగ్రీ తిరిగే కారుకు నిష్పత్తి 16:1. అంకె తగ్గితే స్టీరింగ్ చురుకు, పెరిగితే నెమ్మది. ఈ అంకె ఎప్పుడూ ఒకటే అయితే అది స్థిర నిష్పత్తి. తిప్పిన కోణాన్ని బట్టో, కారు వేగాన్ని బట్టో మారితే అది వేరియబుల్ రేషియో.

ఒకే పేరు, మూడు యంత్రాలు

వాదనలో సగం గందరగోళం ఈ పేరు దగ్గరే ఉంది. పేరు ఒక్కటే అయినా దాని కింద మూడు వేర్వేరు యంత్రాలు ఉన్నాయి.

మొదటిది కేవలం గేర్ పళ్ల పనితనం. స్టీరింగ్ సూటిగా ఉన్నప్పుడు ఒక నిష్పత్తి, బాగా తిప్పినప్పుడు మరొకటి వచ్చేలా పళ్లను చెక్కుతారు. దీనికి కారు వేగంతో సంబంధం లేదు. ఈ ఆలోచనకు ముఖ్యుడు ఆస్ట్రేలియా ఇంజనీరు ఆర్థర్ బిషప్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల చక్రాల స్టీరింగ్ మీద పనిచేస్తూ ఆయన ఇటు వచ్చాడు. ఆయన రూపకల్పన చేసిన మార్లెస్ వేరామాటిక్ పవర్ స్టీరింగ్‌ను 1960లలో జాగ్వార్ పెద్ద కార్లలో వాడారు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1965 క్యాడిలాక్‌తో వేరియబుల్ రేషియో పవర్ స్టీరింగ్ తెచ్చింది. అప్పట్లో కావలసింది పార్కింగ్ సుఖం. హైవే మీద నెమ్మదిగా, మూల మలుపులో చురుగ్గా ఉంటే చక్రాన్ని గిరగిరా తిప్పే శ్రమ తగ్గుతుంది. పవర్ సాయం లేని స్టీరింగుల్లో కొన్నిటికి ఇదే ఉపాయాన్ని తిరగేసి వాడారు. మధ్యలో చురుకుగా ఉంచి, చివర్లలో నెమ్మది చేస్తే పార్కింగ్‌లో చేతికి బరువు తగ్గుతుంది. అంటే వేరియబుల్ రేషియో అని రాసి ఉన్నంతమాత్రాన హైవే మీద అది నెమ్మదా, చురుకా అన్నది కూడా తెలియదు.

రెండోది వేగాన్ని బట్టి మారేది. హోండా 2000 జూలైలో ఎస్2000 కారుకు 'టైప్ వి' అనే రకాన్ని విడుదల చేసింది. అందులో స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు 1.4 చుట్లే. వేగం, తిప్పిన కోణం రెండింటినీ చూసుకుని నిష్పత్తి మారుతుంది. 2003లో బీఎండబ్ల్యూ 5 సిరీస్‌కు యాక్టివ్ స్టీరింగ్ వచ్చింది. స్టీరింగ్ కడ్డీ మధ్యలో ప్లానెటరీ గేర్, దానికి ఒక మోటారు ఉంటాయి. నిదానంలో సుమారు 10:1గా ఉండే నిష్పత్తి వేగం పెరిగేకొద్దీ 20:1 దాకా పోతుంది. మోటారు ఆగిపోతే గేర్ బిగుసుకుని మామూలు స్టీరింగ్‌లా పనిచేస్తుంది. ఆడీ ఇదే పనిని వేవ్ గేర్‌తో చేసింది.

మూడోది చేతికి, చక్రానికి మధ్య తీగలే ఉండే స్టీర్ బై వైర్. 2013లో వచ్చిన ఇన్ఫినిటీ క్యూ50 దీన్ని మొదట బజారుకు తెచ్చింది. అవసరమైతే అతుక్కునే క్లచ్‌ను అందులో వెనకదన్నుగా ఉంచారు. ఆ తరవాత లెక్సస్ ఆర్‌జడ్, 2023లో టెస్లా సైబర్‌ట్రక్ ఈ దారి పట్టాయి. ఇక్కడ నిష్పత్తి సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఒక అంకె.

ఈ మూడింటితో తరచూ కలిసిపోయే నాలుగోది మరొకటి ఉంది. వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ బరువెక్కే ఏర్పాటు అది. అక్కడ మారేది పవర్ సాయం, నిష్పత్తి కాదు. మన దగ్గర షోరూముల్లో వినిపించే 'స్పీడ్ సెన్సిటివ్' అనే మాట ఎక్కువగా దీని గురించే.

గాలి అడిగేది ఎన్ని డిగ్రీలు?

వాదన తేలాలంటే పక్కగాలి డ్రైవరు చేత ఎంత తిప్పిస్తుందో చూడాలి. కారు గంటకు 100 కి.మీ., అంటే సెకనుకు దాదాపు 28 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. సెకనుకు 10 మీటర్ల వేగంతో సరిగ్గా పక్కనుంచి గాలి వీస్తోంది. కారు దృష్టిలో గాలి ఎదురుగా కాకుండా ఇంచుమించు 20 డిగ్రీలు పక్కకు తిరిగి వస్తున్నట్టు. మామూలు సెడాన్‌కు ఆ కోణంలో తగిలే పక్కతోపు, స్థూలంగా లెక్కేస్తే, 800 న్యూటన్ల దరిదాపుల్లో ఉంటుంది. దాదాపు 80 కిలోల బరువును కారు పక్కకు ఆనించినట్టు.

ఆ తోపు ఎక్కడ తగులుతుందన్నదే అసలు కీలకం. మామూలు కార్లలో గాలితోపు కేంద్రం బరువు కేంద్రానికి ముందు ఉంటుంది. అందుకే గాలి కారును పక్కకు తోయడంతో ఆగక, ముక్కును గాలివాలుకు తిప్పుతుంది. వెనక ఇంజన్ ఉన్న పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు గాలిలో చెడ్డపేరు రావడానికి ఒక కారణం ఇదే. అక్కడ బరువు కేంద్రం మరీ వెనక్కి పోయింది. 1930లలో వచ్చిన చెకోస్లొవేకియా కారు టాట్రా 87 వీపు మీద చేప రెక్కలాంటిది పెట్టింది కూడా ఈ తిప్పుడును తగ్గించడానికే. వెనక గుండ్రంగా జారిపోయే కారు కంటే వెనక పెట్టెలా నిలబడే ఎస్టేట్ కారు ఈ విషయంలో మేలు. వెనక పక్కభాగం ఎక్కువగా ఉండడంతో తోపు కేంద్రం వెనక్కి జరుగుతుంది.

ఇప్పుడు స్టీరింగ్ సంగతి. పై గాలి నిలకడగా వీస్తుంటే కారును లేన్‌లో సూటిగా ఉంచడానికి ముందు చక్రాలు గాలివైపు తిరగాల్సింది అర డిగ్రీ కూడా ఉండదు. 16:1 నిష్పత్తిలో అది స్టీరింగ్ చక్రం మీద ఐదారు డిగ్రీలు. 13:1లో అయితే ఒక డిగ్రీ తక్కువ, 20:1లో అయితే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ. టైర్లను బట్టి, కారు ఆకారాన్ని బట్టి ఈ అంకెలు మారినా అన్నీ చిన్నవే. గడియారం మీద పెద్ద ముల్లు ఒక్క నిమిషంలో జరిగేంత.

2004లో వచ్చిన పోర్షే 911 తరం, అంటే 997, పళ్లతోనే నిష్పత్తి మారే ర్యాక్‌ను, అంటే చక్రాలను తిప్పే పళ్ల కడ్డీని, తెచ్చింది. అందులో స్టీరింగ్ సుమారు 30 డిగ్రీలు తిప్పేదాకా నిష్పత్తి పాత కారులాగే ఉంటుంది, ఆ తరవాతే చురుకెక్కుతుంది. పక్కగాలి అడిగేదేమో ఐదారు డిగ్రీలు. కాబట్టి ఆ కారు గాలిలో పోతున్నంతసేపూ ఆచరణలో స్థిర నిష్పత్తి కారే. మార్పు మొదలయ్యే చోటికి చెయ్యి చేరనే చేరదు. ఇలాంటి ర్యాక్ ఉన్న కారు గాలిలో బాగుందన్నా, బాగాలేదన్నా, 'వేరియబుల్' అన్న గుణానికి అందులో పాలు దాదాపు లేదు. చూడాల్సింది మధ్యభాగంలో నిష్పత్తి ఎంత ఉంది అన్నదొక్కటే.

మూడు పక్షాలు

మధ్యలో నెమ్మదిగా ఉండాలనేవారిది మొదటి పక్షం. వీరి వాదనకు బలమైన ఆధారం ఉంది. వేగం పెరిగేకొద్దీ ఒకే తిప్పుకు కారు పక్కకు స్పందించే తీవ్రత పెరుగుతుంది. 50 కి.మీ. వేగంతో పోలిస్తే 100 దగ్గర అది మామూలు కార్లలో రెండు రెట్లు దాటుతుంది. గాలివిసురు తగిలినప్పుడు డ్రైవరు శరీరం ఊగుతుంది, భుజాలు కదులుతాయి, చేతులు అనుకోకుండా స్టీరింగ్‌ను లాగుతాయి. నెమ్మది నిష్పత్తి ఆ పొరపాటు కదలికను తక్కువ చేసి చక్రాలకు అందిస్తుంది. ఇంకో సంగతి: సెకనుకు సుమారు అర సారి నుంచి రెండు సార్ల మధ్య వచ్చే గాలివిసుర్ల దగ్గర మనిషి స్పందన ఆలస్యమై, దిద్దుబాటు తరవాతి విసురుతో కలిసిపోయి ఊపును పెంచే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు చురుకు స్టీరింగ్ ఆ పొరపాటును మరింత పెద్దది చేస్తుంది.

స్థిర నిష్పత్తిని, అందులోనూ చురుకైనదాన్ని కోరేవారిది రెండో పక్షం. పవర్ సాయమే లేని లోటస్ ఎలీజ్ వీరికి ఆదర్శం. 2015లో 11.8:1 నిష్పత్తితో వచ్చిన ఆల్ఫా రోమియో జూలియా మరో ఉదాహరణ. ఇంత చురుకైన స్టీరింగ్‌తోనూ కార్లు హైవేల మీద తిరుగుతున్నాయి కదా అన్నది వారి ప్రశ్న. చేతి అలవాటుకు నిలకడ కావాలి, ఈరోజు ఒకలా రేపు ఒకలా స్పందించే స్టీరింగ్‌ను చెయ్యి నమ్మదు అంటారు. వేగాన్ని బట్టి మారే స్టీరింగుల మీద ఈ ఫిర్యాదుకు బలం ఉంది. 110 మీద పోతూ గాలికి సర్దుకున్న చెయ్యి, టోల్‌గేటు ముందు 60కి దిగాక అదే తిప్పుకు వేరే ఫలితాన్ని చూస్తుంది. అయితే గాలి తగిలే ఆ రెండు క్షణాల్లో వేగం పెద్దగా మారదు కాబట్టి, పక్కగాలి వరకు ఈ ఫిర్యాదు అంతగా నిలవదని నా అభిప్రాయం.

మూడో పక్షం ఈ గొడవంతా డ్రైవరు దాకా ఎందుకు రావాలంటుంది. గాలిని కారే చూసుకోవాలన్నది వీరి మాట. మెర్సిడెస్ 2009లో ఎస్ క్లాస్‌కు, గాలి తోసినప్పుడు సస్పెన్షన్ ద్వారా చక్రాల మీద భారాన్ని మార్చే ఏర్పాటు చేసింది. 2013లో ఎస్ క్లాస్‌కు, స్ప్రింటర్ వ్యాన్‌కు క్రాస్‌విండ్ అసిస్ట్ వచ్చింది. 80 కి.మీ. దాటిన వేగంలో గాలివిసురు తగిలితే ఒక పక్క చక్రాలకు లేతగా బ్రేక్ వేసి ముక్కును దారికి తెస్తుంది. ఫోర్డ్ తన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో, గాలికో రోడ్డు వాలుకో కారు ఎడతెగక ఒక పక్కకు లాగుతుంటే ఆ లాగుడుకు సరిపడా సాయాన్ని మోటారుతో ఇప్పించింది. బీఎండబ్ల్యూ యాక్టివ్ స్టీరింగ్ లాంటివి డ్రైవరు తిప్పకపోయినా చక్రాలకు కాస్త కోణం కలపగలవు. ఇన్ఫినిటీ కెమెరాతో లేన్ గీతలు చూసి చిన్న చిన్న దిద్దుబాట్లు చేసింది. ఇక్కడ నిష్పత్తి ప్రశ్నే వెనక్కి పోతుంది.

చేతికి తెలిసేది బరువు

ఈ మూడు పక్షాలూ తగినంత పట్టించుకోనిది ఒకటుంది. చేతికి మొదట తెలిసేది కోణం కాదు, బరువు. గాలి తోయగానే ముందు టైర్లు కొద్దిగా పక్కకు జారుతూ పట్టు చూపిస్తాయి. ఆ పట్టు తిరిగి సూటిగా నిలబడాలని స్టీరింగ్‌ను తిప్పుతుంది. ఆ చిన్న తిప్పుడే చేతికి కబురు. ర్యాక్‌లో రాపిడి ఎక్కువైనా, పవర్ సాయం మధ్యలో అవసరానికి మించి ఉన్నా ఆ కబురు దారిలోనే ఆగిపోతుంది. అప్పుడు డ్రైవరుకు గాలి సంగతి చేతి ద్వారా కాక కంటి ద్వారా తెలుస్తుంది. లేన్ గీత దగ్గరకు వచ్చాక తెలుస్తుంది కాబట్టి ఆలస్యంగా తిప్పుతాడు, ఎక్కువగా తిప్పుతాడు. ఆ తడబాటును అతను 'స్టీరింగ్ మరీ చురుకు' అని చెప్పవచ్చు, 'మరీ నెమ్మది' అనీ చెప్పవచ్చు. రోగం మాత్రం నిష్పత్తిలో లేదు.

దీనికి పోర్షే చరిత్రలోనే మంచి సాక్ష్యం దొరుకుతుంది. 997లో నిష్పత్తి మారే ర్యాక్, హైడ్రాలిక్ సాయం ఉన్నాయి. ఆ స్టీరింగ్‌ను సమీక్షకులు మెచ్చుకున్నారు. 2011లో వచ్చిన 991లో కూడా ర్యాక్ నిష్పత్తి మారేదే, సాయం మాత్రం ఎలక్ట్రిక్ మోటారుకు మారింది. స్టీరింగ్‌లో కబురు తగ్గిపోయిందన్న ఫిర్యాదులు అప్పుడు మొదలయ్యాయి. 991 చక్రాల మధ్య దూరం కూడా 100 మిల్లీమీటర్లు పెరిగింది కాబట్టి తప్పంతా మోటారుదే అనలేం. అయినా నిష్పత్తి మారడం ఆ ఫిర్యాదులకు కారణం కాదని చెప్పడానికి ఈ జంట చాలు.

దీనికి రెండో చివర సిట్రోయెన్ ఉంది. 1970 నాటి ఎస్ఎం కారులోని డిరావి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు రెండే చుట్లు, అంటే విపరీతమైన చురుకు. కానీ రోడ్డు నుంచి, టైరు నుంచి వచ్చే తోపు స్టీరింగ్‌ను కదిలించలేదు. హైడ్రాలిక్ ఒత్తిడే దాన్ని మధ్యకు లాగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ లాగుడు గట్టిపడుతుంది. నెమ్మది పక్షం లెక్క ప్రకారం ఈ కారు హైవే మీద అదుపు తప్పుతూ ఉండాలి. అలవాటుపడిన డ్రైవర్లు మాత్రం దాని సూటితనాన్నే పొగిడారు. చేతి పొరపాటును నిష్పత్తితోనే ఆపనక్కర్లేదని, మధ్యలో బరువుతోనూ ఆపవచ్చని ఇది చూపించింది. టైరు కబురు బొత్తిగా అందదన్న విమర్శా దానికి అప్పటినుంచే ఉంది. సిట్రోయెన్ కట్టిన మూల్యం అది.

వేగాన్ని బట్టి నిష్పత్తి మారే కార్లలో బరువు కథ మరింత లోతుగా ఉంటుంది. మామూలు గేర్‌లో కోణం, బరువు కలిసే నడుస్తాయి. పవర్ సాయాన్ని పక్కన పెడితే, నిష్పత్తి ఎంత చురుకైతే చేతికి అంత బరువు. ప్లానెటరీ గేర్ మధ్యలోకి వచ్చాక ఈ ముడి ఊడిపోతుంది. మోటారు కోణాన్ని కలిపినా తీసేసినా, గేర్ గుండా చేతికి వచ్చే బరువు పళ్ల లెక్క ప్రకారమే ఉంటుంది. ఏళ్ల తరబడి చెయ్యి నేర్చుకున్న 'ఇంత బరువుకు ఇంత మలుపు' అన్న లెక్క అక్కడ చెల్లదు. బీఎండబ్ల్యూ యాక్టివ్ స్టీరింగ్‌ను కొందరు కృత్రిమమని తోసిపుచ్చడానికి మారుతున్న నిష్పత్తి కంటే ఊడిన ఈ ముడే ఎక్కువ కారణమని నాకనిపిస్తుంది. స్టీర్ బై వైర్‌లో ముడి అసలే లేదు. బరువంతా మోటారు తయారుచేసేదే. గాలి కబురులో ఎంత భాగాన్ని చేతికి పంపాలో, ఎంతను మింగెయ్యాలో ఇంజనీరు కూర్చుని నిర్ణయిస్తాడు.

పక్కపక్కన పెట్టి చూస్తే

పళ్లతో మారే ర్యాక్ పక్కగాలిలో తన మధ్యభాగపు నిష్పత్తికి తగ్గట్టు ప్రవర్తిస్తుంది, మారే గుణం పార్కింగ్‌లోనూ ఘాట్ రోడ్డు మలుపుల్లోనూ మాత్రమే కనిపిస్తుంది. వేగంతో మారే స్టీరింగ్ హైవే మీద నిజంగానే నెమ్మదించి, చేతి పొరపాటును తగ్గిస్తుంది, బదులుగా బరువుకూ మలుపుకూ ఉన్న పాత పొత్తును చెడగొడుతుంది. స్టీర్ బై వైర్ రెండింటినీ విడివిడిగా దిద్దగలదు, దాని మంచిచెడ్డలు యంత్రం కంటే ట్యూనింగ్ మీద ఆధారపడ్డాయి. బ్రేకుతోనో సస్పెన్షన్‌తోనో గాలిని ఎదుర్కొనే ఏర్పాట్లు గాలివిసురు మొదటి దెబ్బను తగ్గిస్తాయి, తరవాతి సర్దుబాటు మళ్లీ డ్రైవరు చేతికే వస్తుంది.

మన రోడ్ల మీద ఈ తూకం ఇంకోలా ఉంటుంది. 2018లో నాలుగు లేన్ల హైవేల మీద కార్లకు గరిష్ఠ వేగాన్ని 100, ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120 కి.మీ.గా ప్రకటించారు. కొనేవారికి ఇష్టమైనవి పొడుగ్గా నిలబడే టాల్‌బాయ్ కార్లు, ఎస్‌యూవీలు. పక్కభాగం విశాలం కాబట్టి గాలితోపు ఎక్కువ, పైన క్యారియర్ కట్టి సామాను వేస్తే మరీ ఎక్కువ. శ్రీ సత్యసాయి జిల్లాలో రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగే చోట, గోదావరి మీది పొడవాటి వంతెనల మీద కారు ఊగిందంటే నిష్పత్తిని అనుమానించే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: టైర్లలో గాలి, వీల్ అలైన్‌మెంట్, అరిగిన టై రాడ్ ఎండ్లు. టై రాడ్ ఎండ్‌లో ప్లే ఉంటే, గాలి అడిగే ఐదారు డిగ్రీల్లో ఒకటి రెండు అక్కడే మాయమవుతాయి. అప్పుడు ఏ నిష్పత్తి అయినా ఒకటే.

పరీక్షల మధ్య పడిపోయిన ప్రశ్న

ఇన్ని దశాబ్దాల తరవాత కూడా వాదన ఎందుకు తేలలేదంటే, ఒక కారణం కొలతల్లోనే ఉంది. పక్కగాలికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ 12021. పెద్ద ఫ్యాన్లతో తయారుచేసిన గాలిలోంచి కారును నడిపి, ఎంత జరిగింది, ఎంత తిరిగింది అని కొలుస్తారు. అది డ్రైవరు దిద్దుబాటు లేకుండా కారు ఒక్కదాని స్పందనను కొలిచే పరీక్ష. స్టీరింగ్ కదలకుండా పట్టుకుని ఉంటే నిష్పత్తి 12 అయినా 20 అయినా ఫలితం దాదాపు ఒకటే. సూటిగా పోయేటప్పటి స్టీరింగ్ అనుభూతికి ఇంకో ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ 13674. 1984లో జనరల్ మోటార్స్ ఇంజనీరు కెన్నెత్ నార్మన్ వెలువరించిన పద్ధతి ఈ దారికి పునాది. నిలకడ వేగంలో స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ ఊపి, కోణానికీ బరువుకూ కారు ఎలా స్పందిస్తుందో గీస్తారు. నిష్పత్తి, రాపిడి, బరువు అన్నీ అందులో స్పష్టంగా కనబడతాయి. గాలి మాత్రం ఉండదు. గాలి ఉన్న పరీక్షలో చెయ్యి లేదు, చెయ్యి ఉన్న పరీక్షలో గాలి లేదు. నిష్పత్తి గాలిలో ఏం చేస్తుందన్న ప్రశ్న ఈ రెండింటి మధ్య పడిపోయింది.

డ్రైవరుకు ఎంత కబురు అవసరమన్నదీ తేలలేదు. గాలి వివరమంతా చేతికి పంపితే గంటల ప్రయాణంలో అలసట పెరుగుతుంది, బొత్తిగా మింగేస్తే దెబ్బ తగిలిన క్షణంలో చెయ్యి సిద్ధంగా ఉండదు. ఈ రెంటి మధ్య గీత అందరికీ ఒకేచోట ఉంటుందని అనుకోవడానికి కారణమేదీ కనబడదు. లేన్ అసిస్ట్ వచ్చాక చిక్కు మరింత పెరిగింది. స్టీరింగ్ మీద తెలిసే బరువులో గాలిది ఎంతో, టైరుది ఎంతో, కెమెరా చెప్పినట్టు మోటారు తోసింది ఎంతో చెయ్యి వేరు చేయలేదు.

కావలసిన పరీక్ష ఎలా ఉండాలో చెప్పడం కష్టం కాదు. బాడీ, టైర్లు, సస్పెన్షన్ అన్నీ ఒకటే అయిన స్టీర్ బై వైర్ కారు ఒకటి తీసుకోవాలి. నిష్పత్తిని మార్చినప్పుడు బరువును ముట్టుకోకూడదు, బరువును మార్చినప్పుడు నిష్పత్తిని ముట్టుకోకూడదు. ఫ్యాన్ల వరుస ముందునుంచి 100, 120 కి.మీ. వేగాల్లో రకరకాల డ్రైవర్ల చేత నడిపించాలి. ఇప్పుడున్నది ఏ అమరికో వారికి చెప్పకూడదు. లేన్ గీత నుంచి కారు ఎంత జరిగిందో, స్టీరింగ్ ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో కొలిచి, ఆ తరవాతే వారి అభిప్రాయం అడగాలి. పళ్ల ర్యాకుల కాలంలో నిష్పత్తి మార్చాలంటే ర్యాకే మార్చాలి, బరువూ దానితోపాటే మారిపోయేది. రెంటినీ విడదీసి పరీక్షించే వీలు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది.